ఎద్దు తల ఊపింది

కేకు కోసే కత్తిని డీన్‌గారు బిస్కెట్ల కింద దాచారు. వెదురు బుట్ట, బుట్టలో కాగితం రుమాళ్ళు, వాటి మీద రెండు వరసల బిస్కెట్లు, అన్నిటికీ అడుగున జానెడు కత్తి. “మీటింగు బల్ల మీద కత్తి కనబడితే చూడ్డానికేం బాగుంటుందండీ,” అన్నారాయన, బుట్టని ప్రొఫెసరమ్మ ముందుకి జరుపుతూ. రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకులు సరిగ్గా ఇదే మర్యాద పాటించారని ఆయనకి తెలియదు. బుట్టలో బార్లీ గింజలు పోసి, గింజల కింద కత్తి పెట్టి, ఎద్దు కంట పడకుండా మోసుకొచ్చేవాళ్ళు, ఎద్దు మనసు నొచ్చుకుంటుందని. తెలియదంటే వినలేదని కాదు. ఈ గదిలోనే, ఈ బల్ల దగ్గరే, ఆయనకే ఆవిడ ఈ సంగతి తక్కువలో తక్కువ పదకొండు సార్లు చెప్పింది. పదకొండు సార్లూ ఆయన “అబ్బో” అన్నారు. ఇవాళ కేకు ఆవిడ కోసమే, ఆవిడ పుస్తకం వచ్చి పాతికేళ్ళయిందని. కుర్చీ కూడా గౌరవ కుర్చీయే, అంటే ఏసీ కింద ఉన్నది. ఆ ఏసీ ముప్పావుగంట నడిచాక కారుతుందని డిపార్టుమెంటులో అందరికీ తెలుసు. బాగుచెయ్యమని మూడేళ్ళుగా కాగితాలు రాస్తున్నారు, బాగయ్యేదాకా గౌరవించాల్సిన వాళ్ళని దాని కింద కూర్చోబెడుతున్నారు. గోడ గడియారంలో మూడుంపావు. ఎజెండాలో నాలుగు అంశాలు. ఒకటి, మేడంగారికి అభినందన. రెండు, కాఫీ కప్పులు ఎవరు కడగాలి. మూడు, లైబ్రరీ కిటికీ. నాలుగు, బయట బెంచీ మీద కూర్చున్న పిల్లని ఉద్యోగంలో ఉంచాలా, ఇంటికి పంపాలా. నాలుగోదానికి డిపార్టుమెంటు పెద్దగా ఆవిడ ఒప్పుకోలు కావాలి. సంతకం కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు, సూపర్నెంటుగారు మినిట్స్ పుస్తకంలో రాసుకుంటారు.

తలుపుకి నిలువునా ఒక అద్దం పట్టీ ఉంది. అందులోంచి ఆ పిల్ల మోచెయ్యి కనబడుతోంది, పక్కన మంచినీళ్ళ సీసా. ముప్పై నాలుగేళ్ళ మనిషిని పిల్ల అనడం ఆవిడకి అలవాటు. డిపార్టుమెంటంతా టార్చిలైటు అంటుంది. ఏ వస్తువు చూపించినా, కుండ పెంకైనా, రాతి ముక్కయినా, క్యాంటీను ప్లేటయినా, సంచీలోంచి టార్చి తీసి పక్కనుంచి లైటు వేసి చూస్తుంది. పైనుంచి వేస్తే అన్నీ బాగానే కనబడతాయి మేడం, పక్కనుంచి వేస్తేనే గీతల నీడలు లేస్తాయి అంటుంది. ఆ మాట నేర్పింది ఆవిడే. నేర్పింది గానీ అంత మనసులో పెట్టుకుంటుందనుకోలేదు. నెలరోజుల కిందట, మధ్యాహ్నం భోజనమయ్యాక, ఆవిడ గదిలోకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, నాలుగు ఫోటోలు బల్ల మీద పరిచింది. మ్యూజియంలో ఉన్న కుండ. ఆవిడ కుండ. దాని మీద బలిపీఠం, పీఠం ముందు ఎద్దు, ఎద్దు తల వంచి ఉంటుంది. ఆవిడ పుస్తకమంతా ఆ వంచిన తల మీదే నిలబడింది. చంపేముందు ఎద్దు నెత్తిన నీళ్ళు చల్లేవాళ్ళు, అది తల ఊపేది, ఊపితే ఒప్పుకున్నట్టు, ఒప్పుకున్నదాన్ని చంపితే హత్య కాదు. ఇది పుస్తకంలో రెండో అధ్యాయం, పరీక్షలో రెండు మార్కులు. ఎంతమంది పిల్లలు ఆ రెండు మార్కులతో గట్టెక్కారో.

“మేడం, ఎద్దు తల ఊపట్లేదు,” అంది టార్చిలైటు. “లాగుతున్నారు.”

“ఎవరు?”

“పక్కనున్నాయన. చేతిలో తాడుంది. దానికి వేసిన రంగు రాలిపోయింది, గీత ఉబ్బు మిగిలింది. కింద పీఠం పక్కన నేలలో దిగేసిన కడియం కూడా ఉంది మేడం, తాడు అందులోంచి పోయి మళ్ళీ చేతికొచ్చింది. బాగా గట్టిగానే లాగుతున్నాడు.”

“జిగురు మరక అయుంటుంది. అతికించినప్పుడు.”

“అతుకు అక్కడ లేదు మేడం.”

టార్చిలైటు ఆ మాట మెల్లగా, బాధగా అంది. అలా అన్నందుకే ఆవిడకి ఒళ్ళు మండింది. ఎగతాళి చేసినా బాగుండేది, తిట్టి పంపేది. ఆవిడ ఫోటోలు దొంతరగా పేర్చి, అంచులు సమంగా తట్టి, వెనక్కిచ్చి, తర్వాత చూద్దాం అంది. తర్వాత టార్చిలైటు దాన్ని వ్యాసంగా రాసింది, వ్యాసం అచ్చయింది. అచ్చయిన మూడో రోజుకల్లా మేడంగారి పరువు కాపాడ్డానికి డిపార్టుమెంటు మొత్తం నడుం కట్టింది. ఆవిడ కాపాడమనలేదు. వద్దనీ అనలేదు.

ఒకటో అంశం నడుస్తోంది. చరిత్ర ప్రొఫెసరు లేచి ఆవిడ గురించి మాట్లాడుతున్నాడు. ఆయన మాట్లాడటం మొదలుపెడితే అందరూ కుర్చీల్లో ఒక్క అంగుళం కిందకి జారతారు. మేడంగారి పుస్తకం ఒక సముద్రమన్నాడు, తాను ఒడ్డున నిలబడి చూశానన్నాడు. అది నిజమే, లోపలికి దిగలేదు. ఆవిడ చిరునవ్వు మొహాన పెట్టుకుని మనసులోనే ఆయన నాలుకని విడిగా తీసింది. తియ్యడం ఆవిడకి బాగా తెలుసు, ముప్పై ఏళ్ళుగా మధ్యాహ్నం రెండింటి క్లాసులో చెబుతోంది. మొదట గొడ్డలితో మెడ వెనక నరాలు తెగ్గొడతారు, ఎద్దు ముందుకాళ్ళ మీద కూలబడుతుంది, అప్పుడు ఆడవాళ్ళంతా ఒక్కసారి పెద్దగా కేక పెడతారు, ఆ కేకలో ఎద్దు అరుపు వినబడదు. తల పైకెత్తి ఆకాశం వైపు తిప్పి గొంతు కోస్తారు, నెత్తురు గిన్నెలో పట్టుకుంటారు, గిన్నెడూ పీఠం మీద పోస్తారు. నాలుక వేరే పెడతారు. తొడ ఎముకలు కొవ్వులో చుట్టి దేవతలకి కాలుస్తారు, దేవతలకి పొగ చాలు, మాంసం మనుషులకి. చర్మం పూజారికి. కాబట్టి చరిత్ర ప్రొఫెసరుది నాలుక. డీన్‌గారివి తొడలు, ఇరవై ఏళ్ళు కుర్చీలో పెంచినవి, కొవ్వు కోసం వెతుక్కోనక్కర్లేదు. సూపర్నెంటుగారి చర్మం, ఎన్ని తిట్లు పడినా గీత పడనిది, బూట్లకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఆవిడ బల్ల చుట్టూ చూస్తూ ఒక్కొక్కళ్ళనీ కీళ్ళ దగ్గర విడదీసింది, వాటాలు వేసింది, ఎవరికీ అన్యాయం జరగకుండా చూసింది. ఇంతా చేసి ఆవిడ జన్మలో నెత్తురు చూసి తట్టుకున్నది లేదు. కూరగాయలు తరిగేటప్పుడు వేలు గీరుకుంటేనే కళ్ళు తిరిగి సోఫాలో పడుకుంటుంది. రక్తపరీక్షకి వెళ్తే నర్సు గోడ మీది క్యాలెండరు చూడమంటుంది. ఆ క్యాలెండరులోని కుక్కపిల్లలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

రెండో అంశం, కప్పులు. ఎవరి కప్పు వాళ్ళు కడుక్కోవాలని పోయినేడు తీర్మానం చేశారు, ఆ తర్వాత కప్పులు కడగటం పూర్తిగా ఆగిపోయింది. డీన్‌గారు విచారణ పెట్టారు. నేను తాగలేదండీ, సింకులో చూశానంతే అన్నాడు చరిత్ర ప్రొఫెసరు. సింకు వాళ్ళ డిపార్టుమెంటుది అన్నారు ఎవరో. నీళ్ళు రావట్లేదు అన్నారు సూపర్నెంటుగారు. ఆవిడకి నవ్వొచ్చింది. గ్రీకులు ఏడాదికోసారి ఒక ఎద్దుని కొట్టి, తర్వాత హత్య కేసు నడిపేవాళ్ళు. నీళ్ళు మోసిన ఆడపిల్లల్ని అడిగితే, మాదేముంది, కత్తి నూరినవాళ్ళది తప్పన్నారు. నూరినవాళ్ళు అందించినవాడి మీద వేశారు, అందించినవాడు కొట్టినవాడి మీద, కొట్టినవాడు కత్తి మీద. కత్తి ఏమీ మాట్లాడలేదు కాబట్టి నేరం రుజువైంది, తీసుకెళ్ళి సముద్రంలో పారేశారు. ఈ భాగం చెప్పినప్పుడు క్లాసంతా నవ్వుతుంది. టార్చిలైటు మాత్రం పందొమ్మిదేళ్ళప్పుడు మొదటి బెంచీలోంచి చెయ్యెత్తి అడిగింది, మరి ఎద్దుని అడిగారా మేడం అని.

వేలు. చూపుడువేలు. అది ఎప్పుడూ మొదట గుర్తొచ్చేది కాదు, ఈ నెలరోజులుగా పొద్దున్న కాఫీ కప్పు పట్టుకోగానే గుర్తొస్తోంది. మ్యూజియం గోదాములో, ఇరవై ఏడేళ్ళ కిందట, కిటికీ లేని గదిలో, ఒంటి బల్బు కింద, స్పంజి మీద కుండ. చేతి తొడుగులు ఇచ్చారు, అవి పెద్దవైపోయి వేళ్ళు జారుతుంటే ఒకటి తీసేసింది. ఎద్దు మెడ దగ్గర వేలితో మెల్లగా రాస్తే తగిలింది, తల వెంట్రుకంత ఉబ్బు, మెడ నుంచి కిందకి, నేల దాకా. వేలు వెళ్ళినంత దూరమూ వెళ్ళింది. అప్పుడు ఆవిడ ఏమనుకుందో ఆవిడకి బాగా గుర్తు, జిగురు అనుకుంది. అనుకుని, వేలు తీసి, గ్లవ్వు మళ్ళీ తొడుక్కుంది. సిద్ధాంత వ్యాసం అప్పటికే సగం రాసి ఉంది, గైడుగారికి నచ్చింది కూడా. నోట్సులో ఎద్దు తల అందంగా వంచి ఉంది అని రాసింది. అందంగా.

ఏసీ గుర్రుమంది. మూడో అంశంలో లైబ్రరీ కిటికీ తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. చిన్నప్పటి ఇంట్లో కూడా ఒక తలుపు అలాంటిదే ఉండేది, సగం తెరిచి సగం మూసి, దాని ఎదురుగా ఆవిడ చదువుకునే బల్ల. నాన్న లెక్కల మాస్టారు. మనిషి పద్ధతైన మనిషి, స్కేలు లేకుండా గీత గీసేవాడు, చెప్పులు గోడకి సమాంతరంగా విడిచేవాడు. కొట్టడం కూడా పద్ధతి ప్రకారమే. ముందు అభియోగం చదివేవాడు. చొక్కాకి గుండీ కుట్టలేదు. సాసరు తడిగా పెట్టావు. నేను మాట్లాడుతుంటే అటు చూశావు. తర్వాత అడిగేవాడు, నిజమా కాదా, చెప్పు, నేను అబద్ధం ఆడుతున్నానా. అమ్మ తల ఊపేది. ఊపాక కొట్టేవాడు, మొహం మీద, అరచేత్తో, లెక్కపెట్టుకుంటూ. ఒకసారి దవడ పన్ను గచ్చు మీద పడి మంచం కిందకి దొర్లితే చీపురు పుల్లతో తీసి, కడిగి, కిటికీలో ఆరబెట్టాడు. మొదటి దెబ్బ పడగానే పక్కింటి పిన్నిగారు మిక్సీ వేసేది. లోపల ఏమీ ఉండేది కాదు, ఖాళీ మిక్సీయే. దెబ్బలు ఆగేదాకా తిరిగేది. మర్నాడు గోడ మీంచి, ఏం వదినా, జలుబు చేసిందా, మొహం ఉబ్బింది అని అడిగేది. జలుబేనమ్మా అనేది అమ్మ. అంతా అయ్యాక నాన్న చేతులు కడుక్కుని, కూతురి బల్ల దగ్గరికొచ్చి, చూశావుగా, మీ అమ్మే ఒప్పుకుంది అనేవాడు. చూసింది. సగం తెరిచిన తలుపులోంచి అమ్మ ముందువైపు కనబడేది, వంగే తల కనబడేది.

తొమ్మిదో ఏట ఒకరోజు బంతి పెరట్లోకి పోతే వెళ్ళింది. పెరటి కిటికీలోంచి అదే గది వెనకవైపు నుంచి కనబడింది. అమ్మ జడ నాన్న పిడికిలికి రెండు చుట్లు తిరిగి ఉంది. నిజమా కాదా అన్నప్పుడు పిడికిలి కిందకి దిగింది, తల వంగింది. పిడికిలి పైకి లేచింది, తల లేచింది. బంతి తీసుకుని ఇంట్లోకి వచ్చింది. మర్నాడు నాన్న అమ్మని పిలిస్తే, తాను మళ్ళీ బల్ల దగ్గరే కూర్చుంది, తలుపుకి ఎదురుగా, ముందువైపు నుంచి కనబడే చోట. అక్కడి నుంచి చూస్తేనే హోంవర్కు సాగుతుంది. క్లాసులో ఎప్పుడూ ఫస్టు. పుస్తకం అచ్చయినప్పుడు మొదటి కాపీ అమ్మకే ఇచ్చింది. అమ్మ అప్పటికి ముసలిదైంది, తల వెనక కోటు గుండీ అంత చోట జుట్టు మొలవలేదు, ముడి అటు జరిపి కప్పుకునేది. కళ్ళజోడు పెట్టుకుని అట్ట మీద బొమ్మ చాలాసేపు చూసింది. “నిజంగా ఊపిందా తల్లీ ఇది?” అంది. “ఊపిందమ్మా,” అంది ఆవిడ. అమ్మ పుస్తకం మూసి, చెయ్యి వెనక్కి పెట్టి, ముడి సర్దుకుంది. “సరేలే, నువ్వు చదువుకున్నదానివి,” అంది.

“నాలుగు,” అన్నారు డీన్‌గారు, గొంతు తగ్గించి, ఆస్పత్రిలో మాట్లాడినట్టు. “ఇది కొంచెం ఇబ్బందైన విషయం. ఆ అమ్మాయి మీద మాకెవ్వరికీ కోపం లేదు. తెలివైనదే. కానీ పెద్దల పట్ల ఒక పద్ధతి ఉంటుంది కదా. కొనసాగించనక్కర్లేదని కమిటీ అనుకుంటోంది. మేడంగారు సరేనంటే సరే. మేడంగారి మనసు కష్టపెట్టడం మాకు ఇష్టం లేదు.”

అందరూ ఆవిడ వైపు చూశారు. దయగా చూశారు. ఆవిడ తలుపు అద్దంలోకి చూసింది. మోచెయ్యి సీసా అందుకుంది, ఒక గుక్క తాగింది, మళ్ళీ పెట్టింది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే రెండో అధ్యాయం పోతుంది, రెండు పోతే మూడు నిలబడదు, మూడు లేకపోతే పుస్తకంలో మిగిలేది కృతజ్ఞతలు, అట్ట. కుండ మీద వేలు. జడ. పాతికేళ్ళ రెండు మార్కులు. గడియారంలో నాలుగు. ఆలోచించుకోడానికి రెండు రోజులు అడుగుదామని నోరు తెరిచింది, సరిగ్గా అప్పుడు ఏసీలోంచి చల్లటి చుక్క ఒకటి నడినెత్తిన పడింది. ఒళ్ళు జలదరించి తల ఒక్కసారి కిందకీ పైకీ ఊగింది.

“మేడంగారు ఒప్పుకున్నారు,” అన్నారు డీన్‌గారు. సూపర్నెంటుగారు రాసేశారు. అందరూ ఊపిరి వదిలి, కుర్చీలు జరుపుకుని కూర్చున్నారు. డీన్‌గారు బిస్కెట్లు పక్కకి జరిపి కత్తి పైకి తీశారు.

“నేను ఒప్పుకోలేదు,” అంది ఆవిడ.

“ఊపారు కదండీ.”

“నీళ్ళు పడ్డాయి.”

“మేమంతా చూశాం కదా మేడం,” అన్నాడు చరిత్ర ప్రొఫెసరు.

“ముందువైపు నుంచి చూశారు. సూపర్నెంటుగారూ, రాసింది కొట్టెయ్యండి.”

“పెన్నుతో రాశానండీ,” అన్నారాయన, నిజంగా బాధపడుతూ. “మినిట్స్‌లో కొట్టివేతలుంటే పైవాళ్ళు ఒప్పుకోరు.”

ఆవిడ లేచి మినిట్స్ పుస్తకం పట్టుకుంది. ఆయన వదల్లేదు. బల్లకి అటూ ఇటూ ఇద్దరూ లాక్కున్నారు, ఇద్దరికీ కలిపి నూటపదహారేళ్ళుంటాయి, కుర్చీ ఒకటి వెనక్కి పడింది. డీన్‌గారు మధ్యలోకి చెయ్యి పెట్టి, ముందు కేకు కొయ్యండి మేడం, శాంతించండి అన్నారు. ఆ చేతిలోనే కత్తి ఉంది. ఆవిడ దాన్ని పట్టుకుంది. పక్కకి నెట్టడానికే పట్టుకుంది, కానీ చేతికి దొరికింది పిడి కాదు. డీన్‌గారు భయపడ్డారు. భయపడి లాగారు. కత్తి ఆవిడ పిడికిలిలోంచి మొదలు నుంచి కొస దాకా జారింది, అరచెయ్యి తెరుచుకుంది, చూపుడువేలు ఎముక దాకా తెరుచుకుంది. ఆవిడ అరిచింది గానీ అదే క్షణంలో చరిత్ర ప్రొఫెసరు జేబులో ఫోను మోగింది, బ్యాండు మేళంలా, ఆయన కంగారులో దాన్ని ఆపబోయి ఇంకా పెంచాడు. నెత్తురు మినిట్స్ మీద, బిస్కెట్ల మీద, కేకు మీద రాసిన పాతికేళ్ళ అంకె మీద పడింది. ఇంత ఉంటుందని ఆవిడ అనుకోలేదు. వేడిగా ఉంటుందని ఏ పుస్తకంలోనూ లేదు. తన పుస్తకంలోనూ లేదు.

తలుపు తోసుకుని టార్చిలైటు వచ్చింది. మెడలో స్కార్ఫు లాగి ఆవిడ చేతికి బిగించి కట్టింది. కారు తాళాలు పళ్ళ మధ్య పట్టుకుంది. “తల కిందకి పెట్టుకోండి మేడం, కళ్ళు తిరుగుతాయి,” అంటూ మెడ మీద చెయ్యి వేసింది.

“వద్దు,” అంది ఆవిడ. “చెయ్యి తియ్యి. పైకే ఉంచుతాను.”

బల్లకి అటువైపు విచారణ అప్పుడే మొదలైంది. నేను లాగలేదండీ, ఆవిడే పట్టుకున్నారు అన్నారు డీన్‌గారు. అసలు కత్తి పైకి ఎందుకు తీశారు అన్నాడు చరిత్ర ప్రొఫెసరు. కేకు తెమ్మంది మీరు కాదా అన్నారు డీన్‌గారు. మీరు పుస్తకం వదిలితే సరిపోయేదిగా అన్నారిద్దరూ సూపర్నెంటుగారిని. కేకు కొట్టువాడు ప్లాస్టిక్‌ది ఇవ్వాల్సిందండీ, అంత పదునున్నది ఎందుకు పెట్టాడు అన్నారాయన. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అవునండీ, కత్తిదే అన్నారు డీన్‌గారు. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు కత్తిని న్యూస్‌పేపర్లో చుట్టి, కిటికీలోంచి భవనం వెనక చెరువులోకి విసిరేశాడు. అందరి మొహాలూ తేటపడ్డాయి.

సూపర్నెంటుగారు తడిసిన పేజీని పట్టుకుని చూశారు. రాసింది కనబడటం లేదు. కొట్టివేత అయితే కాదు. ఆయన కొత్త పేజీ తిప్పి, తేదీ వేసి, పెన్ను పట్టుకుని, “ఏం రాయమంటారు మేడం?” అన్నారు.

స్కార్ఫులోంచి కూడా కారుతోంది. ఆవిడ క్యాలెండరు కోసం వెతకలేదు. చేతినే చూస్తూ, క్లాసులో నోట్సు చెప్పినట్టు, మాట మాటకీ ఆగుతూ చెప్పింది.

“నాలుగో అంశం. నేను ఒప్పుకోలేదు. తాడు ఉందని రాయండి.”

“ఏ తాడండీ?”

“ఎద్దు మెడకి తాడుంది. లాగారు. ఈ అమ్మాయి కనిపెట్టింది. నాకు మొదటినుంచీ తెలుసు. రాశారా?”

టార్చిలైటు కారు తాళాలు పళ్ళ మధ్యనుంచి చేతిలోకి తీసుకుంది. సూపర్నెంటుగారు డీన్‌గారి వైపు చూశారు, డీన్‌గారు కేకు వైపు చూశారు. ఏసీలోంచి ఇంకో చుక్క పడింది, సరిగ్గా నడినెత్తిన, చెవి పక్కనుంచి మెడ మీదకి జారింది. సూపర్నెంటుగారు పెన్ను ఆపి ఆవిడ తల కేసే చూస్తున్నారు.

తల కదల్లేదు.